హాస్టలా, అద్దె గదా? మన కాగితం మీదికి ఎక్కని పద్దులు

జూన్, జూలై నెలలు వచ్చాయంటే మన ఇళ్లల్లో ఒక లెక్క మొదలవుతుంది. ఇంజనీరింగ్‌లోనో, డిగ్రీలోనో సీటు వచ్చిన బిడ్డను ఎక్కడ ఉంచి చదివించాలన్నది ఆ లెక్క. అబ్బాజాన్ ఒక కాగితం మీద కాలేజీ హాస్టల్ రుసుము రాస్తారు. దాని పక్కనే బయట గది అద్దె రాస్తారు. అమ్మీ బియ్యం, గ్యాస్, బస్సు పాసు ఖర్చులు కలుపుతుంది. ఏ వైపు మొత్తం తక్కువైతే బిడ్డ ఆ వైపు వెళ్తుంది. రెండు వైపులా భారమే అయితే ఆ కాగితాన్ని మడిచి, ఊళ్లోనే ఉన్న ఏదో ఒక కాలేజీలో చేర్పిస్తారు.

ఆ కాగితం అసంపూర్ణమైనది. అందులోకి ఎక్కని పద్దులు చాలా ఉన్నాయి. వాటిని కట్టవలసింది ప్రభుత్వమూ, విశ్వవిద్యాలయాలూ, మన జమాఅత్ పెద్దలూ. కడుతున్నది మాత్రం మన పిల్లలు. అందులోనూ ఎక్కువగా కడుతున్నది మన ఆడపిల్లలు. ఈ మాట మేము తూచే అంటున్నాము.

కాగితం మీది లెక్క

మొదట రూపాయల లెక్కనే నిజాయితీగా చూద్దాం. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని హాస్టల్‌లో గది అద్దె నామమాత్రం. నెలనెలా అయిన మెస్ ఖర్చును విద్యార్థులంతా పంచుకుంటారు. గ్రంథాలయం నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది. సీనియర్ల నోట్సు, పోటీ పరీక్షల సమాచారం, రాత్రి పదింటికి కూడా సందేహం తీర్చే సహాధ్యాయి అక్కడే దొరుకుతారు. వీటికి ఏ రసీదూ ఉండదు గానీ విలువ ఉంటుంది. అయితే ఆ సీట్లు కొద్ది, అడిగేవారు వేలమంది.

ప్రైవేటు కళాశాలల సంగతి వేరు. ఫీజుల నియంత్రణ కమిటీ నిర్ణయించేది బోధనా రుసుమునే. హాస్టల్ రుసుము యాజమాన్యం చెప్పినంత. అదీ చాలాచోట్ల ఏడాదికి ఒకేసారి, చేరేనాడే కట్టాలి. ఆటో నడిపే తండ్రి, కుట్టుమిషను తొక్కే తల్లి నెలకు ఇంతని కూడబెట్టగలరు గానీ ఒక్కరోజులో అంత మొత్తం తేలేరు. తెచ్చారంటే వడ్డీకి తెచ్చారనే అర్థం. వడ్డీని హరామ్ అని నమ్మే కుటుంబాన్ని ఆ గుమ్మం దాకా నడిపించినది ఈ ఏకవాయిదా పద్ధతే.

బయట గది తేలికగా కనిపిస్తుంది. లెక్క కోసం నెలకు 12,000 రూపాయల అద్దెకు రెండు గదుల పోర్షన్‌లో నలుగురు కుర్రాళ్లు చేరారనుకుందాం. తలా 3,000. ఏడాదికి 36,000. కాలేజీ నడిచేది సుమారు పది నెలలైనా అద్దె పన్నెండు నెలలకూ కట్టాలి. రెండు నెలల అడ్వాన్స్, గ్యాస్ బండ, గిన్నెలు, పరుపులు, నీళ్ల క్యాన్లు, కరెంటు బిల్లు అదనం. నలుగురిలో ఒకడు చదువు మానేసినా, వేరే చోటికి మారినా మిగిలిన ముగ్గురి మీదా తలా 4,000 పడుతుంది. 36,000 కాస్తా 48,000 అవుతుంది. ఖాళీ చేసేనాడు సున్నం, రంగుల పేరుతో అడ్వాన్స్‌లో కోత ఉండనే ఉంది.

ప్రైవేటు వసతి గృహాల్లో ఉండే పిల్లల తల్లిదండ్రులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. నెలకు 20,000 రూపాయలకు మించకుండా, కనీసం 90 రోజులు నిరంతరంగా ఉండే వసతిపై పన్ను మినహాయించాలని జీఎస్టీ మండలి 2024 జూన్‌లో నిర్ణయించింది. ఈ కోవలోకి వచ్చే పిల్లల వద్ద జీఎస్టీ పేరిట అదనంగా అడిగితే ప్రశ్నించండి.

కాగితం మీదికి ఎక్కని పద్దులు

ఇంతవరకు చెప్పిన లెక్క ఏ మతంవారికైనా ఒకటే. ఇకపై చెప్పేది మన లెక్క.

"టు లెట్" బోర్డు చూసి మన కుర్రవాడు తలుపు తడతాడు. గది ఉంటుంది. అద్దె కూడా కుదురుతుంది. అప్పుడు "నీ పేరేంటి బాబూ?" అన్న ప్రశ్న వస్తుంది. పేరు చెప్పగానే గది నిన్ననే ఎవరికో ఇచ్చేశారని తెలుస్తుంది. లేదా "మాది శాకాహారుల ఇల్లు" అన్న మాట వినిపిస్తుంది. ఆ మరుసటి వారం కూడా ఆ బోర్డు అక్కడే వేలాడుతూ ఉంటుంది. ఇది మన ఊహ కాదు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే తేల్చింది. ఇల్లు అద్దెకు అడిగినవారిలో దళితులకు, ముస్లింలకు తిరస్కారాలు, అదనపు షరతులు ఎదురయ్యాయి. వారిలోనూ ముస్లింల పరిస్థితి మరింత దయనీయంగా ఉంది. మన హైదరాబాద్, విజయవాడ, విశాఖలలో గది వెతికిన పిల్లలను అడగండి, వారూ ఇదే చెబుతారు.

ఈ తిరస్కారానికి ధర ఉంది. అందరికీ దొరికే గది మనవాడికి దొరకనప్పుడు అతడు టోలిచౌకి, మెహదీపట్నం, పాతబస్తీలకు చేరతాడు. ఇంజనీరింగ్ కళాశాలలేమో ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ దారుల్లో ఉన్నాయి. కాలేజీ పక్కన 3,000కు దొరకవలసిన పడక కోసం నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి రోజూ ప్రయాణం చేయాలి. అద్దె సమానమే కావచ్చు. బస్సులో కరిగే గంటలు సమానం కావు.

ప్రాంగణంలోనూ మన పిల్లలకు పద్దులు తప్పవు. రంజాన్ మాసంలో తెల్లవారుజామున సహరీ వేళకు మెస్ తలుపులు మూసి ఉంటాయి. ఇఫ్తార్ వేళకు భోజనం సిద్ధం కాదు. మెస్ బిల్లు మాత్రం యథావిధిగా వస్తుంది. ఉపవాసం ఉన్న విద్యార్థి తినని మధ్యాహ్న భోజనానికీ, బయట కొన్న సహరీకీ రెండు చోట్లా చెల్లిస్తాడు. ముందు రాత్రే ఒక డబ్బా కట్టి ఇవ్వడానికి మెస్‌కు అయ్యే అదనపు ఖర్చు ఎంత? దాదాపు ఏమీ లేదు. లేనిది మనసు మాత్రమే.

మూడో దారి అన్నిటికన్నా ఖరీదు

హాస్టల్ సీటు రాక, బయట గది దొరకక, దొరికినా ఒంటరిగా ఉంచడానికి ధైర్యం చాలక, మన కుటుంబాలు ఆడపిల్లల విషయంలో మూడో దారి పడుతున్నాయి. రోజూ ఇంటి నుంచే పంపుతున్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలులో ఉంది. ఇది మంచి పథకం, మేము స్వాగతిస్తున్నాము. కానీ టికెట్టు సున్నా అయినంత మాత్రాన ప్రయాణం ఉచితం కాదు. రోజుకు మూడు గంటలు బస్సులో గడిపే అమ్మాయి 200 పనిదినాల్లో 600 గంటలు పోగొట్టుకుంటుంది. ఆమె పక్క బెంచీలో కూర్చునే హాస్టల్ అమ్మాయి ఆ 600 గంటలూ చదువుకుంటుంది. పరీక్ష ఫలితాలు వచ్చాక మన అమ్మాయికి తెలివి తక్కువని తీర్పు చెబుతారు.

ఇంకా ఘోరమేమిటంటే, ఆ ప్రయాణం భరించలేక ఇష్టమైన కోర్సు వదులుకుని ఊళ్లో దొరికినదానిలో చేరే అమ్మాయిలున్నారు. అసలు చేరనివారూ ఉన్నారు. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పీజీ స్థాయిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని సచార్ కమిటీ 2006లో చెప్పింది. మైనారిటీ విద్యార్థులకు తక్కువ ఖర్చుతో హాస్టళ్లు కల్పించడం ప్రాధాన్య కర్తవ్యమనీ, చిన్న పట్టణాల్లో ఆడపిల్లలకు అది మరీ అవసరమనీ అదే కమిటీ సిఫార్సు చేసింది. ఆ రెండు వాక్యాలకూ ఉన్న బంధం ఢిల్లీకీ పట్టలేదు, మన రాష్ట్ర రాజధానులకూ పట్టలేదు.

సర్కారు లెక్క

కేంద్ర మైనారిటీ పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతన నిబంధనలు చూడండి. సాధారణ డిగ్రీ విద్యార్థి హాస్టల్‌లో ఉంటే నెలకు 570 రూపాయలు, డే స్కాలర్ అయితే 300. అంటే హాస్టల్ విద్యార్థి తిండికీ, పడకకూ రోజుకు 19 రూపాయలు. గది అద్దెకు తీసుకున్న విద్యార్థి సాధారణంగా డే స్కాలర్ లెక్కలోకే వస్తాడు. హాస్టల్ సీటు ఇవ్వని వ్యవస్థే, సీటు లేదు కాబట్టి నీకు సాయం తక్కువని అంటోంది.

తెలంగాణ ప్రభుత్వం 2024లో సంక్షేమ వసతి గృహాల డైట్ చార్జీలను ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. హర్షణీయమే. కానీ ఆ గృహంలో చోటు దొరికినవాడికే ఆ పెంపు. మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయి. అయిదో తరగతి నుంచి అక్కడే తిని, అక్కడే పడుకుని చదివిన పిల్లవాడు ఇంటర్ పూర్తి కాగానే పెట్టె సర్దుకుని బయటికి రావాలి. ఎస్సీ గురుకులాల సొసైటీ అమ్మాయిలకు గురుకుల డిగ్రీ కళాశాలలు నడుపుతోంది. అవి వర్ధిల్లాలి. అదే ఏర్పాటు మన అమ్మాయిలకూ ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

షాదీ ముబారక్ కింద ముస్లిం వధువు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 1,00,116 రూపాయలు ఇస్తోంది. పేద తల్లికి ఆ సొమ్ము ఎంత ఊరటో మాకు తెలుసు, దాన్ని తీసేయమని మేము అనము. కానీ నెలకు 2,100 చొప్పున పది నెలల భోజనానికి అయ్యేది 21,000. పెళ్లినాడు ఒక్కసారి ఇచ్చే మొత్తంతో ఒక అమ్మాయికి నాలుగేళ్ల కళాశాల భోజనం పెట్టి ఇంకా 16,116 మిగుల్చుకోవచ్చు. వధువును చూడగలిగిన ప్రభుత్వ దృష్టికి విద్యార్థిని ఎందుకు కనిపించదు?

మన లెక్క

ప్రభుత్వాన్ని నిలదీసి మనం తప్పించుకోలేము. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ స్థాపించారు. సురవరం ప్రతాపరెడ్డి వంటివారు దాని బాధ్యతలు మోశారు. గ్రామాల నుంచి వచ్చిన కుర్రాళ్లకు నగరంలో ఒక పడక, ఒక పూట అన్నం, ఒక గ్రంథాలయం దొరికితే ఒక తరం తలరాత మారుతుందని వారు గ్రహించారు. అంతకు నాలుగు దశాబ్దాల ముందే అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ విద్యార్థి నివాసాన్ని విద్యలో భాగంగా చూశారు. ఆ వారసత్వం మనది. మరి మన జిల్లా కేంద్రాల్లో ఏం కట్టాం? ఫంక్షన్ హాళ్లు కట్టాం. తెలంగాణలో వక్ఫ్ భూములు 77 వేల ఎకరాలకు పైగా ఉన్నాయని బోర్డు రికార్డులు చెబుతాయి. వాటిలో సగానికి మించి ఆక్రమణల పాలైంది. మిగిలిన వాటిలో కొంతైనా, దాతల ఉద్దేశానికి భంగం లేని చోట, విద్యార్థినుల వసతికి ఎందుకు వినియోగించకూడదు?

ప్రత్యేక హాస్టళ్లంటే పిల్లలను మరింత వేరుచేయడమే కదా అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా మొదటి కోరిక అందరితో కలిసి ప్రాంగణంలో ఒక పడక. అది దొరికిననాడు వేరే గది ఎవరికీ అక్కర్లేదు. అది దొరకనప్పుడు, అద్దె ఇంటివారు తలుపు మూసినప్పుడు, మనం కట్టే హాస్టల్ వేరుచేసే గోడ కాదు, నిలువ నీడ. ఆ నీడలో ఏ మతానికి చెందిన పేద విద్యార్థికైనా చోటుండాలి.

కాబట్టి మేము కోరేవి ఇవి. ప్రాంగణ హాస్టళ్లలో దూరం నుంచి వచ్చిన పేద విద్యార్థినులకు మొదటి చోటు ఇవ్వాలి. ప్రైవేటు కళాశాలల హాస్టల్ రుసుములను కూడా నియంత్రించి, నెలవారీ వాయిదాల్లో తీసుకోవాలి. సీటు దక్కక గదిలో ఉంటున్న విద్యార్థికి హాస్టల్ విద్యార్థితో సమానంగా నిర్వహణ భత్యం ఇవ్వాలి. మైనారిటీ గురుకులాలను డిగ్రీ వరకు పొడిగించాలి. రంజాన్‌లో సహరీ డబ్బా ఇవ్వాలి. మస్జిద్ కమిటీలు ఈ రంజాన్ జకాత్‌లో ఒక భాగాన్ని తమ మొహల్లాలోని అర్హులైన పేద విద్యార్థుల వసతికి కేటాయించాలి. గది ఇవ్వగల స్థోమత ఉన్న మన ఇంటి యజమానులు మార్కెట్ ధర చూడకుండా ఒక పోర్షన్ విద్యార్థులకు ఇవ్వాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈసారి కాగితం మీద లెక్క వేసేటప్పుడు అద్దె, మెస్ పక్కన మూడో వరుస కూడా గీయండి. బస్సులో పోయే గంటలు, వదులుకున్న కోర్సు, ఆగిపోయిన చదువు అందులో రాయండి. ఏ వరుస ఖరీదైనదో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో దాచకండి. మస్జిద్ కమిటీకి, కళాశాల ప్రిన్సిపాల్‌కు, మీ శాసనసభ్యునికి చూపి, ఈ మూడో వరుస ఎవరు కట్టాలో చెప్పమని అడగండి.