మునాఫిఖ్‌లను తయారు చేస్తున్నది మనమే



ఈసారి కొందరికి గుచ్చుకునేలా రాస్తున్నాను. ముందే మాఫీ అడగను. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

మొన్న మాచవరం వెళ్ళాను. బెజవాడలోని మాచవరం కాదు, మన పల్నాటి మాచవరం. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలు దాటి వెళ్తే వచ్చేది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఊరంతా ఘాటు. మా ఖాలూ చెహెల్లుం. చుట్టాలంతా వచ్చారు. వాకిట్లో షామియానా, దేగ్‌లో బగారా ఖానా, పక్కన దాల్చా. ఫాతెహా అయింది. దస్తర్‌ఖాన్ పరిచారు.

ఆపా కొడుకులిద్దరూ తినలేదు.

చిన్నవాడికి పందొమ్మిదేళ్ళు. ఏడాదిగా జమాత్‌లో తిరుగుతున్నాడు. చెహెల్లుం అనేదే బిద్‌అత్ అనీ, ఆ పేరు మీద వండింది తినననీ అన్నాడు. వాళ్ళ నానీమా ముఖం చిన్నబోయింది. పెద్దలు మాత్రం, "పోనీలే, దీన్ మీద ఇష్టం ఎక్కువ" అని ఊరుకున్నారు.

పెద్దవాడికి ఇరవై రెండు. బీటెక్ అయ్యి హైదరాబాదులో ఉద్యోగం. నువ్వెందుకు తినవురా అని ఎవరో అడిగారు. ఆకలి లేదన్నాడు. వదల్లేదు. ఫాతెహా అప్పుడు చేతులు కూడా ఎత్తలేదేం అని ఇంకొకరు. అప్పుడు వాడు నెమ్మదిగానే అన్నాడు. "నాకు నమ్మకం లేదు. అల్లా ఉన్నాడని నాకు అనిపించట్లేదు. నానా అంటే ప్రేమ ఉంది. దొంగ దువా చేయలేను."

"క్యా బోల్రా తూ?" అంటూ దుల్హాభాయ్ లేచాడు. చెంప మీద ఒక్కటి పడింది. నలభై మంది ముందు. ఫోన్ లాక్కున్నారు, ఎవరెవరి వీడియోలు చూస్తున్నాడో తేల్చడానికి. ఆపా సొమ్మసిల్లింది. ఎవరో వెళ్ళి ఇమాం సాబ్‌ను తీసుకొచ్చారు. మళ్ళీ కల్మా చదివించాలన్నారు. వాడు తల్లి వైపు చూశాడు, తలకు రుమాలు కట్టుకున్నాడు, చదివాడు. అందరూ అల్హందులిల్లాహ్ అన్నారు. ఆపా కళ్ళు తుడుచుకుంది. ఖానా మళ్ళీ మొదలైంది.

రాత్రి మిద్దె మీద పక్కలు వేసుకున్నాక వాడు నాతో అన్నాడు. "చదివేశాను మామూ. నాలుగు ముక్కలు. నోటికేం పోయింది?"

తెల్లారి ఫజర్‌కు మసీదులో దుల్హాభాయ్ పక్కన నిలబడ్డాడు. రుకూ, సజ్దా అన్నీ సక్రమంగా చేశాడు. సలాం తిప్పాక దుల్హాభాయ్ నా వైపు చూసి చిన్నగా నవ్వాడు, గెలిచినట్టు. ఆ నవ్వు చూశాక దువాకు నా చేతులు లేవలేదు.

ఎందుకంటే మేమంతా కలిసి ఒక పనిచేశాం. ముందు రోజు మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో నిజం చెప్పే ఒక కుర్రాడున్నాడు. సాయంత్రానికి వాణ్ణి మునాఫిఖ్‌ను చేశాం. లోపల ఒకటి, పైకి ఒకటి. సూరా నిసా 145వ ఆయత్ తీసి చూడండి. దోజఖ్‌లో అన్నిటికన్నా అడుగున ఎవరికి చోటు అని ఉందో చూడండి. మనసులో మాట బయటికి చెప్పినవాడికి కాదు. మనసులో లేనిది పైకి నటించినవాడికి. మరి మన పిల్లల్ని మనమే కొట్టి ఆ మెట్టు దింపుతున్నాం, ఈమాన్ కాపాడామనుకుని ఖానా తింటున్నాం.

షక్ రావడం కొత్తా? నేనేమీ కొత్త మాట చెప్పట్లేదు. సూరా బఖరా 260వ ఆయత్‌లో హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం అల్లానే అడిగారు, చచ్చినవాళ్ళను ఎలా బతికిస్తావో చూపించమని. నమ్మకం లేదా అంటే ఉంది, కానీ దిల్‌కు తసల్లీ కావాలన్నారు. చెంపదెబ్బ పడలేదు. నాలుగు పక్షులతో జవాబు వచ్చింది. సహాబాల్లో కొందరు, పైకి చెప్పడానికే భయమేసే ఖయాలాత్ మనసులోకి వస్తున్నాయని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గర మొరపెట్టుకున్న హదీస్ సహీహ్ ముస్లింలో, కితాబుల్ ఈమాన్‌లో ఉంది. ఆయన వాళ్ళను వెళ్ళగొట్టలేదు. ఆ కలవరమే ఈమాన్‌కు గుర్తన్నారు.

ఇమాం గజాలీ సంగతి మన జల్సాల్లో ఎవరూ పూర్తిగా చెప్పరు. హుజ్జతుల్ ఇస్లాం అన్న బిరుదు చెబుతారు. ఆయన తన జీవితం గురించి రాసుకున్న అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్‌లో, దాదాపు రెండు నెలలపాటు దేన్నీ నమ్మలేని స్థితిలో ఉన్నానని దాచకుండా రాసుకున్నారు. కళ్ళు చూసేది నిజమేనా, అఖల్ చెప్పేది నిజమేనా అన్న దగ్గర నుంచి. తర్వాత 1095లో బగ్దాద్ నిజామియా మదర్సాలో అంత పెద్ద కుర్సీ వదిలేసి వెళ్ళిపోయారు. ఆ రెండు నెలల్లో ఆయన మన మొహల్లాలో ఉండి ఉంటే? ఫోన్ లాక్కుని, రుమాలు కట్టి, కల్మా చదివించి, దాల్చా వడ్డించేవాళ్ళం. గజాలీ మిగిలేవారు కాదు.

ఇఖ్బాల్ 1911లో లాహోర్‌లో శిక్వా చదివితే అల్లాకే ఫిర్యాదా అని గుస్తాఖీ అన్నవాళ్ళున్నారు. ఇప్పుడు అదే నజ్మ్‌ను మన ఉర్దూ మీడియం పిల్లలతో స్టేజీ ఎక్కించి చదివించి చప్పట్లు కొడతాం. ఫిర్యాదు వందేళ్ళు పాతబడితే అదబ్, మన ఇంట్లో పుడితే కుఫ్ర్.

నేనూ ఆ ఉర్దూ మీడియంలోంచే వచ్చాను. ఏడో క్లాసులో దీనియాత్ పీరియడ్‌లో ఒక సవాల్ అడిగాను. అల్లాకు అన్నీ ముందే తెలిస్తే ఈ ఇమ్తిహాన్ ఎవరికోసం అని. జవాబుగా బెత్తం వచ్చింది. నలభై దాటాను, నమాజ్ చదువుతున్నాను, అల్లాను నమ్ముతున్నాను. కానీ నమ్మకం ఆ బెత్తం వల్ల రాలేదు. బెత్తం వల్ల వచ్చిందల్లా, పన్నెండేళ్ళపాటు ఎవర్నీ ఏమీ అడగకపోవడం. అడగడం మళ్ళీ నేర్చుకున్నది డిగ్రీలో, తెలుగు క్లాసులో. అక్కడే మొదటిసారి గోరా పేరు విన్నాను.

గోపరాజు రామచంద్రరావు. బ్రాహ్మణ కుటుంబం. జంధ్యం వేసుకోనన్నందుకు కన్నతండ్రే ఇంట్లోంచి పొమ్మన్నాడు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో దాన్ని బెజవాడ పటమటకు మార్చాడు. మాచవరం మండలం అంచున పారే కృష్ణే కింద ఆ బెజవాడను తాకుతుంది. చూడండి, పిల్లవాణ్ణి గెంటేయడం మన ఒక్కరి జబ్బు కాదు. అన్ని ఖాందాన్‌లదీ. గెంటేస్తే దేవుడి మీద నమ్మకం తిరిగి రాదన్నదీ అందరికీ ఒకటే.

ఆ గోరా 1944లో సేవాగ్రాం వెళ్ళి గాంధీతో దేవుడి గురించి వాదించాడు. రోజూ ప్రార్థన చేసే గాంధీ అతన్ని పంపేయలేదు. దగ్గర ఉంచుకున్నాడు. గోరా కూతురికీ ఒక దళిత యువకుడికీ తన ఆశ్రమంలో, దేవుడి ప్రస్తావన లేకుండానే పెళ్ళి చేయించడానికి ఒప్పుకున్నాడు. ఆ పెళ్ళి చూడకుండానే 1948 జనవరిలో హత్యకు గురయ్యాడు. పెళ్ళి మార్చిలో అదే సేవాగ్రాంలో జరిగింది. ఇద్దరిలో ఎవరూ తమ నమ్మకం వదల్లేదు. ఎవరి నమ్మకమూ తగ్గలేదు కూడా.

ఇంకో దారి కూడా చూశాం. 2017 మార్చిలో కోయంబత్తూరులో ఫారూఖ్ అనే ముప్పై ఒక్కేళ్ళ మనిషిని రాత్రిపూట ఫోన్ చేసి బయటికి పిలిచి నరికి చంపారు. ముస్లిం ఇంట్లో పుట్టి, దేవుడు లేడని చెప్పినందుకు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ తర్వాత అతని తండ్రి ఏం చేశాడో గుర్తుందా? కొడుకు పనిచేసిన నాస్తిక సంఘంలోనే తానూ చేరతానని ప్రకటించాడు. చంపినవాళ్ళు దీన్‌కు చేసిన ఖిద్మత్ ఇది. ఒకడి నోరు మూయబోయి, అప్పటిదాకా మనలో ఉన్న ముసలి తండ్రిని కూడా పోగొట్టారు.

అయ్యో, మన చెంపదెబ్బ ఎక్కడ, ఆ కత్తి ఎక్కడ అంటారు. నిజమే, రెండూ ఒకటి కాదు. కానీ మొదటి మెట్టు ఒకటే. అడిగినవాడు దుష్మన్ అనుకోవడం.

ఇక మీ జవాబులు నాకు తెలుసు. "బయట మన కౌమ్ మీద ఇన్ని దాడులు జరుగుతుంటే ఇంట్లోవాడు కూడా ఇలా మాట్లాడితే ఎట్లా?" దర్ద్ అర్థమవుతుంది. నేనూ రోజూ ఆ వార్తలే రాస్తాను. కానీ ఒక్కటి ఆలోచించండి. 2022లో కర్ణాటక హిజాబ్ గొడవలో మనం ఏం పట్టుకుని మాట్లాడాం? రాజ్యాంగం 25వ అధికరణం. అందులో మొదట ఉన్నది అంతరాత్మ స్వేచ్ఛ. దాని నీడలోనే మన ఆడపిల్ల హిజాబ్ వేసుకునే హక్కు అడుగుతున్నాం. అదే నీడలో మన మగపిల్లవాడు చేతులు ఎత్తకుండా నిలబడే హక్కు కూడా ఉంది. సర్కారు దగ్గర ఒక తరాజూ, ఇంట్లో ఇంకో తరాజూ పెడితే మన మాట ఎవరు నమ్ముతారు?

నమ్మనన్న పిల్లలకూ ఒక మాట. షక్ మీ హక్కు. ఎగతాళి మీ హక్కు కాదనను, కానీ అది షక్ కాదు. నానీమా తస్బీహ్ చూసి నవ్వడానికి అఖల్ అక్కర్లేదు. ముస్లింలను తిట్టడమే ధందాగా పెట్టుకున్న ఛానెళ్ళున్నాయి. వాటికి దేవుడు ఉన్నాడా లేడా అన్నది సవాలే కాదు, మనం ఉండాలా వద్దా అన్నదే సవాలు. గోరాను చదవండి, గజాలీనీ చదవండి. ఇద్దరూ తమ మాటకు ఖరీదు చెల్లించినవాళ్ళు. రీల్ ఫార్వర్డ్ చేసినవాడు ఏ ఖరీదూ చెల్లించలేదు.

మా చిన్న భాంజా లాంటి పిల్లలకు ఇంకో మాట. బిద్‌అత్ అని ప్లేటు పక్కకు నెట్టావు. సరే, అది నీ సమఝ్. కానీ నలభై రోజులుగా ఏడుస్తున్న ముసలిదాని ముందు అనాల్సిన మాట, అనాల్సిన వేళ అదేనా? పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ హిందువులతో కలిసి తిరిగిన తాతల ఊళ్ళు ఇవి. వాళ్ళ ఈమాన్‌కు నంబర్లు వేసే పని నీకెవరూ ఇవ్వలేదు. పైగా నీ అన్నను కొడుతుంటే నువ్వు చూస్తూ నిలబడ్డావు. దీన్‌లో జబర్దస్తీ లేదన్న సంగతి సూరా బఖరా 256వ ఆయత్‌లో ఉందని నీకు నాకంటే బాగా తెలుసు.

ఆ ఇంట్లో మూడో మనిషి కూడా ఉంది. ఇంటర్ చదివే చెల్లెలు. వంటింట్లో నన్ను అడిగింది. "మామూ, ఈ మాట అన్నయ్య కాకుండా నేను అంటే ఏం చేసేవాళ్ళు?" నేను జవాబు చెప్పలేదు. తనే చెప్పింది. "చదువు మాన్పించి నికాహ్ చేసేవాళ్ళు." ఆ పిల్ల అయిదు పూటలా నమాజ్ చదువుతుంది. నమ్మకం ఉన్న పిల్లకే ఇంత భయముంటే, లేని పిల్ల ఎవరితో మాట్లాడుతుంది?

నేనడిగేది పెద్దదేం కాదు. వారానికో రోజు ఇషా తర్వాత మసీదులో పిల్లలు ఏదైనా అడిగే ఒక గంట పెట్టండి. ఆడపిల్లలకూ చోటివ్వండి. తెలియకపోతే తెలియదని చెప్పే ఇమాం సాబ్‌ను అభినందించండి. ఫోన్లు లాక్కోకండి. కాఫిర్ అన్న మాట ఇంట్లోకి రానివ్వకండి. నమ్మనన్నవాడికీ దస్తర్‌ఖాన్ మీద చోటుంచండి, జనాజా మోయడానికి భుజం ఇవ్వనివ్వండి. హిదాయత్ అల్లా చేతిలో ఉందని మనమే అంటాం కదా. అయితే ఆ పని ఆయనకు వదిలి, తర్బియత్, మొహబ్బత్ అనే మన పని మనం చేద్దాం.

ఇదంతా పెద్ద భాంజా ఇజాజత్‌తోనే రాశాను. ఊరి పేరు వేయమన్నదీ వాడే. "అబ్బాతో నేను చెప్పలేను, మీరు రాయండి మామూ" అన్నాడు.

దుల్హాభాయ్, మీరు ఇది చదువుతారని తెలుసు. ఆ ఫజర్‌లో మీ పక్కన నిలబడింది మీ భయమే, మీ కొడుకు కాదు. వాడు రంజాన్ ఈద్‌కు వస్తున్నాడు. ఈద్‌గాహ్‌కు వస్తావా అని ఒక్కసారి అడగండి. రానంటే, "సరే బేటా, వచ్చాక కలిసి షీర్ ఖుర్మా తాగుదాం" అనండి. వాడు మీకు నిజం చెప్పే కొడుకుగా ఇంకా మిగిలే ఉన్నాడు. వాణ్ణి పోగొట్టుకోకండి.