సెల్‌ఫోను – సేనారహస్యము

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెత నెఱుగని తెలుగువాడుండడు. ఆనాడు గుట్టు వెలువడుటకు విభీషణుడు సముద్రము దాటవలసివచ్చెను. నేడు రక్షణశాఖాధికారి తన గదిలో కూర్చుండియే యుండును. జేబులోని సెల్‌ఫోను ఆతని గుట్టును సముద్రముల కావలికి చేర్చును.

ఈ యపాయము మన తీరమునకు క్రొత్తది గాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు కేంద్ర గూఢచారశాఖల సాయముతో ఏడుగురు నావికులను నిర్బంధించిరి. స్త్రీల పేరిట ఫేస్‌బుక్కులో పరిచయము కల్పించుకొన్న పాకిస్తాను గూఢచారులకు వీరు నౌకల రాకపోకలను తెలిపిరని యభియోగము. తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానమైన విశాఖపట్టణపు రేవును కాచియున్న డాల్ఫిన్స్ నోస్ కొండ పేరే యీ పరిశోధనకు పెట్టబడెను. ఆ నెలాఖరుననే నౌకాదళమువారు నౌకలయందును, స్థావరములయందును స్మార్ట్‌ఫోనులను నిషేధించిరి. 2020 జూలైలో సైన్యమువారు ఫేస్‌బుక్కు మొదలగు 89 యాప్‌లను తొలగింపవలసినదని సైనికుల కాజ్ఞాపించిరి. ఈ యాజ్ఞలు ఉచితములే. కాని యాజ్ఞ నావికుని కట్టివేసినట్లు నాయకుని కట్టివేయుచున్నదా? ఇదియే మా ప్రశ్న.

అమెరికాలో జరిగినదానిని చూడుడు. 2025 మార్చిలో యెమెన్‌లోని హౌతీలపై దాడిని గూర్చి ఆ దేశపు ప్రభుత్వాగ్రగణ్యులు సిగ్నల్ అను యాప్‌లో సంభాషించుకొనిరి. జాతీయ భద్రతా సలహాదారు మైకేల్ వాల్ట్జ్ ఏర్పఱచిన యా బృందములో ‘అట్లాంటిక్’ పత్రికా సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్ పొరపాటున చేర్పబడెను. మార్చి 15వ తేదీన రక్షణమంత్రి పీట్ హెగ్సెత్ విమానములు బయలుదేరు వేళలను దాడికి ముందే యందు వ్రాసెను. తాళమును శత్రువు పగులగొట్టనక్కఱలేకపోయెను. ఇంటివారే తలుపు తీసి పరాయివానిని పిలిచిరి. సొంత ఫోనును ఇట్టి పనికి వాడుట శాఖానిబంధనలకు విరుద్ధమనియు, వైమానికులకు అపాయము కలిగింపగలదనియు ఆ రక్షణశాఖ తనిఖీ అధికారియే అదే సంవత్సరము డిసెంబరులో ప్రకటించిన నివేదికలో తేల్చెను.

సందేశము దారిలో సంకేతరూపమున భద్రముగా పోవచ్చును. కాని యిరుకొనలయందును అది విప్పియున్న యుత్తరమే. పెగాసస్ వంటి గూఢచారసాధనము ఫోనులో చొరబడిన పిమ్మట ఎంతటి సంకేతమైనను నిష్ప్రయోజనము. మాటాడకున్నను ఫోను తానున్న చోటును తెలుపుచునే యుండును. 2018 జనవరిలో, స్ట్రావా అను వ్యాయామపు యాప్‌వారు ప్రకటించియుండిన పటమునందు, సైనికులు పరుగెత్తిన దారులనుబట్టి మారుమూల సైనికస్థావరముల యాకారములు కనుగొనబడెను.

2023 నూతన సంవత్సరారంభమున యుక్రెయిన్ సేనలు మకీవ్కాలోని రష్యా సైనికుల విడిదిపై రాకెట్లు ప్రయోగించెను. 89 మంది మరణించిరని రష్యా రక్షణశాఖ యొప్పుకొని, సైనికులు సెల్‌ఫోనులు వాడుటయే ప్రధానకారణమనెను. అంతమందిని ఒకే కట్టడములో నుంచిన సేనాధిపతుల మాట యేమని రష్యాలోనే పలువురు ప్రశ్నించిరి. దోషమును క్రిందివానిపై నెట్టుట అన్ని దేశముల యధికారులకును సులభమే.

పనుల తొందరలో సొంత ఫోను తప్పదని అధికారులు చెప్పవచ్చును. ప్రభుత్వపు సాధనము వాడుటకు కష్టమైనచో దానిని బాగుచేయుట ప్రభుత్వమువారి విధి. నిబంధనను మీఱుట అధికారి హక్కు గాదు. కావున మేము కోరునది స్వల్పము. రక్షణవ్యవహారములు చూచు ప్రతి మంత్రికిని, కార్యదర్శికిని, సేనాపతికిని ప్రభుత్వమువారే భద్రమైన ఫోను నీయవలెను. రహస్యసమాలోచన జరుగు గదిలోనికి ఎవరి సొంత ఫోనును పోరాదు. నియమభంగము జరిగినపుడు హోదా చూడక విచారింపవలెను. విచారణ ఫలితమును ప్రజాప్రతినిధులకు తెలుపవలెను.

ద్వారమువద్ద నావికుడు తన ఫోను నప్పగించి లోనికి పోవుచుండ, ఆతని వెనుక వచ్చు పెద్దలు తమ ఫోనులతోడనే పోవుదురేని ఆ నిషేధము కంటితుడుపే యగును.