పదిహేనుకూ యాభైకీ మధ్య

కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గడ్కరీ గారికి,

నేను నెల్లూరుకు తూర్పున, మైపాడు సముద్రానికి దగ్గర్లో ఉంటాను. పాత జపాన్ కార్లంటే నాకు ప్రాణం. నా దగ్గర 2000 నాటి మారుతి ఎస్టీమ్ ఉంది. ఈ రోజుకీ ఏపీ 26 నంబరుతోనే తిరుగుతోంది. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒకటే. మీ శాఖ నిబంధనల్లో పదిహేనేళ్లు దాటిన కారుకూ యాభై ఏళ్లు దాటిన కారుకూ మధ్య పెద్ద ఖాళీ ఉంది. అందులో పాతికేళ్లు దాటి, శ్రద్ధగా కాపాడుకుంటూ వస్తున్న కార్లకు చట్టంలో ఒక చోటు ఇప్పించండి.

2021 జులైలో మీ శాఖే వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, మొదటి రూపం చెడకుండా ఉన్న బండికి వీఏ అక్షరాలతో వేరే నంబరు ప్లేటు, 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషన్. అది మంచి పని. దేశంలో పాత బండ్లను ప్రేమించేవాళ్లు ఉన్నారని ప్రభుత్వం గుర్తించిన సందర్భం అది. ఆ యాభై ఏళ్ల గీతకు ఇవతల మాత్రం ఎలాంటి గుర్తింపూ లేదు. పదిహేనేళ్లు దాటిన కారు ఆర్‌సీ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటితే 10,000 కట్టాలని 2025 ఆగస్టులో నోటిఫికేషన్ వచ్చింది. దిగుమతి చేసుకున్న కారైతే 80,000. బ్రేకులు సరిగా పడక, సైలెన్సర్ ఊడి, నల్లగా పొగ చిమ్ముకుంటూ పోయే బండికీ, యజమాని ప్రతి బోల్టూ తుడిచి పెట్టుకున్న బండికీ రుసుము ఒకటే, లెక్క ఒకటే.

ఈ లెక్క జపాన్ కార్ల మీద ఎలా పడుతుందో చూడండి. మొదటి మారుతి 800 యజమాని చేతికి వచ్చింది 1983 డిసెంబర్ 14న. అది సైతం 2033 దాకా వింటేజ్ కాబోదు. 1985లో వచ్చిన జిప్సీ 2035 దాకా ఆగాలి. తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ 1998లో తయారీ మొదలుపెట్టిన మిత్సుబిషి లాన్సర్‌కు 2048, 2000లో వచ్చిన టొయోటా క్వాలిస్‌కు 2050. అంబాసిడర్, ఫియట్ తర్వాత మన రోడ్ల తీరునే మార్చేసిన జపాన్ కార్ల తరమంతా ఈ ఖాళీలోనే నిలబడి ఉంది. 2050లో మన మనవలు ఒక్క క్వాలిస్‌నైనా కళ్లతో చూడాలంటే, దాన్ని ఇవాళ కాపాడుకునేవాడికి దారి ఉండాలి.

మా తీరానికి ఈ బండ్లు ఎంత దగ్గరివో కాస్త చెప్పాలి. తొంభైల మొదట్లో నెల్లూరు కోస్తా అంతా రొయ్యల చెరువులే. అల్లూరు నుంచి ఇందుకూరుపేట, ముత్తుకూరు దాకా పొలాలు చెరువులైన రోజులవి. అంతకు ముందు ఎద్దుల బండి, సైకిలు, మహా అయితే ట్రాక్టరు కనిపించిన ఊళ్లలోకి తెల్ల మారుతి 800లు వచ్చాయి. కాస్త పెద్ద రైతులు జిప్సీలు కొన్నారు. వానకు నానిన చెరువు గట్టు మీద, మేత బస్తాలు వేసుకుని, ఫోర్ వీల్ లివర్ పడేస్తే ఆగకుండా పోయే బండి అదొక్కటే. 1994లో వైరస్ వచ్చి చెరువులు ఖాళీ అయ్యాక చాలామంది ముందుగా అమ్ముకున్నది ఆ బండ్లనే. తిరిగి నిలదొక్కుకున్న కుటుంబాల్లో కొందరు అదే జిప్సీని వెతికి మళ్లీ కొనుక్కున్నారు. తర్వాత వచ్చిన క్వాలిస్‌లో తిరుమల కొండకు పోని కుటుంబం మా వైపు తక్కువ.

తెలుగునేల మీద జపాన్ బండ్ల తయారీ కూడా కొత్త ముచ్చట కాదు. ఎనభైల్లోనే హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ చిన్న లారీలు తయారుచేసింది. ఆ దశాబ్దం చివర్లో దాన్ని మహీంద్రా తీసుకుంది. ఆల్విన్ నిస్సాన్ పేరు పాత లారీ డ్రైవర్లకు ఇప్పటికీ గుర్తుంది, కళ్లకు చూపిద్దామంటే నడిచే బండి దొరకడమే కష్టం. 2016 నుంచి మాకు దక్షిణాన శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. ఇవాళ్టి వీ-క్రాస్‌కు కూడా ఒకనాటికి పాతికేళ్లు వస్తాయి.

సముద్రం పక్కన ముసలి కారును నడుపుకోవడం ఎంత పనో రోజూ చేసేవాళ్లకే తెలుసు. ఉప్పుగాలి ముందు బయటి రేకు జోలికి రాదు. బ్యాటరీ కింది పళ్లెం, తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు, మ్యాట్ కింది ఫ్లోర్, వైర్లు బాడీకి కలిసే చోట్లు, వీటిని పట్టుకుంటుంది. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఫోన్లు మొదలవుతాయి. పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయిందని ఒకరు, హెడ్‌లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయని ఇంకొకరు. కొత్త కుర్రాళ్లు బ్యాటరీ మార్చేస్తారు, ఆ తర్వాత స్టార్టర్ మోటార్ విప్పుతారు. ఆటోనగర్‌లో మా పెద్ద మేస్త్రి మాత్రం, "బ్యాటరీ జోలికి పోబాక అబ్బయ్యా, ముందు ఎర్త్ చూడు" అంటాడు. మల్టీమీటర్ ముల్లు ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద ఆనించి సెల్ఫ్ కొట్టమంటాడు. అర వోల్టు దాటి చూపించిందా, ఎర్త్ వైరు లోపల చిలుము పట్టినట్టే. పైకి వైరు నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. దాన్ని విప్పి, బాడీ రేకును మెరిసేదాకా గీకి, కొత్త వైరు బిగించి గ్రీజు పూస్తే ఆ ఏడాదికి బెంగ లేదు.

నా ఎస్టీమ్ లాంటి ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే) బండ్లకు ఖరీదైన స్కానర్ కూడా అక్కర్లేదు. డయాగ్నోసిస్ కప్లర్‌లో రెండు పిన్నులను చిన్న వైరుముక్కతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చెక్ ఇంజన్ లైటే రోగం చెబుతుంది. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలిగితే 12. అంటే లోపమేదీ నమోదు కాలేదని. వేరే అంకె వస్తే పుస్తకంలో చూసుకుని ఆ సెన్సార్ దగ్గరికే పోవచ్చు. సుజుకి ఇంజనీర్లు ఒక బల్బుతో పల్లెటూరి మెకానిక్‌కు కూడా అందేలా పెట్టిన ఏర్పాటది. మిత్రుడి లాన్సర్ ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయేది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. తుక్కుకు ఇచ్చేయమని చాలామంది చెప్పారు. తొంభైల నాటి జపాన్ కార్ల కంప్యూటర్లలో కెపాసిటర్లు వయసుమీరి కారడం ఆ బండ్లు తెలిసినవాళ్లకు కొత్త కాదు. కారిన ద్రవం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. పెట్టె విప్పితే సరిగ్గా అదే కనిపించింది. పాత టీవీలు బాగుచేసే పెద్దాయన కెపాసిటర్లు మార్చి, తెగిన గీతలను సన్న తీగతో అతికారు. ఆ సామాను ఖర్చు ఒక ట్యాంకు పెట్రోలు పాటి కూడా కాలేదు. ఆ లాన్సర్ ఇప్పుడు చెన్నైకి పోయి వస్తోంది.

గడ్కరీ గారూ, ఈ విద్య ఏ ఐటీఐ పుస్తకంలోనూ ఇంత వివరంగా లేదు. ఆటోనగర్ మేస్త్రుల చేతుల్లో, చెన్నై పుదుపేట సందుల్లో పాత సామాన్లు వేరుచేసేవాళ్ల కళ్లలో ఉంది. బండి తుక్కుకు పోతే ఆ పని నేర్చుకునే కుర్రాడు కూడా ఉండడు. మీరు తెచ్చిన తుక్కు విధానానికి నేను వ్యతిరేకిని కాను. నడవడానికి పనికిరాని లారీలు, బస్సులు రోడ్డు దిగాల్సిందే. ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చేది మాత్రం పరీక్ష కావాలి. ఒక్క పుట్టిన తేదీతో తేల్చేయడం అన్యాయం.

కాలుష్యం మాటకొస్తే, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 కారు కంటే నా కారు పొగ ఎక్కువ వదులుతుంది. ఇది నిజం. అయితే ఇలాంటి బండి రోజూ ఆఫీసుకు పోయేది కాదు, ఆదివారం బయటికి తీసేది. అందుకే హద్దు మీరే పెట్టండి. ఏడాదికి 3,000 కిలోమీటర్లు దాటకూడదని రాయండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఏటా ఓడోమీటర్ రీడింగ్ నమోదు చేసుకోనివ్వండి. ఏటా బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్, పొగ పరీక్ష పెట్టండి. తప్పిన బండిని పక్కన పెట్టమనండి, మేం ఒప్పుకుంటాం.

ఇలా లెక్కలోకి వస్తే ఇంకో మేలు కూడా ఉంది. 2025 నుంచి బంకుల్లో ఎక్కువగా దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఆ ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకోకుండా చేసిన కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికే చెప్పింది. మాకు మైలేజీ కంటే పెద్ద బెంగ రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, మా తీరంలో తేమకు కరువు లేదు. నెలల తరబడి నిలిచిన ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఇలాంటి బండ్లు ఏ జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీ దగ్గర లెక్క ఉంటే, కనీసం జిల్లాకో బంకులో తగిన పెట్రోలు ఉంచమని చమురు సంస్థలకు చెప్పడం తేలిక.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది కూడా లేదు. జర్మనీలో ముప్ఫై ఏళ్లు దాటిన కారును నిపుణుడు చూసి, మొదటి రూపంలో ఉందని రాసిస్తే నంబరు చివర హెచ్ అక్షరం ఇస్తారు. ఆ కారు ఏడాది పొడవునా రోడ్డెక్కవచ్చు. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు. జపాన్‌లో కారు పదమూడేళ్లు దాటితే పన్ను పెరుగుతుంది, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. అక్కడా పాత కారు ఉంచుకోవడం ఖర్చుతో కూడిన పనే. అయినా రెండేళ్లకోసారి జరిగే షాకెన్ అనే కఠిన పరీక్ష నెగ్గితే ఎంత పాత స్కైలైన్ అయినా రోడ్డు మీద ఉంటుంది. కంపెనీలు కూడా తోడు నిలుస్తున్నాయి. నిస్సాన్ 2017 నుంచి పాత స్కైలైన్ జీటీ-ఆర్‌లకు విడిభాగాలు మళ్లీ తయారుచేస్తోంది. టొయోటా పాత సుప్రా, ల్యాండ్ క్రూయిజర్ 40లకు అదే పని చేస్తోంది. ఇక్కడ కూడా చట్టంలో ఒక వర్గం ఏర్పడితే, ఆ యజమానుల సంఖ్య చూపించి మారుతి సుజుకినో టొయోటానో అడిగే వీలు మాకు కలుగుతుంది.

ఇక దిగుమతి. ఇది వాణిజ్య శాఖ, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ చేతిలో ఉన్న విషయమని తెలుసు. అయినా మీ సిఫారసుకు విలువ ఉంది కాబట్టి రాస్తున్నాను. వింటేజ్ బండ్లను పక్కన పెడితే, వాడిన కారు మన దేశంలోకి రావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు. ముంబయి రేవులోనే దిగాలి. అయిదేళ్లు రోడ్డు మీద నడవగలదని ధ్రువపత్రం కావాలి. ఆ పైన సుంకాలే కారు ధరను మించిపోతాయి. అంటే 1999లో వచ్చిన ఆర్34 స్కైలైన్ జీటీ-ఆర్ కోసం కలలుగనే నెల్లూరు కుర్రాడికి సక్రమమైన దారి అసలు లేదు. అమెరికాలో పాతికేళ్లు నిండిన కారుకు భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. అందువల్ల 2024 నుంచి ఆ కారునే డాలస్‌లో ఉండే తెలుగు ఇంజనీరు చట్టబద్ధంగా తెప్పించుకోగలడు. స్టీరింగ్ ఎడమన ఉండే దేశంలో కుడి స్టీరింగ్ జపాన్ కారుకు దారి ఉంది. జపాన్ లాగే ఎడమ పక్కన నడిచే మన దేశంలో లేదు. మా ముందున్న ఈ బంగాళాఖాతం మీదుగానే బంగ్లాదేశ్ రేవులకు వాడిన జపాన్ కార్లు ఓడల నిండా చేరుతున్నాయి. శ్రీలంక 2020లో ఆపేసిన దిగుమతిని 2025లో మళ్లీ తెరిచింది.

ఆ దేశాల్లాగా తలుపులు బార్లా తెరవమని నేను అడగను. మన కార్ఖానాల్లో పనిచేసే లక్షల మంది పొట్ట కొట్టే పని నాకు సమ్మతం కాదు. పాతికేళ్లు దాటిన కారు, మనిషికి ఒకటి, అయిదేళ్ల దాకా అమ్మడానికి వీల్లేదు, సుంకం మామూలుగానే. ఇంత సన్నని దారి చాలు. దానివల్ల కొత్త కార్ల అమ్మకం తగ్గదు. దొంగ కాగితాలతో, ఇంకో బండి ఛాసిస్ నంబరుతో తిరిగే కార్ల బెడద మాత్రం తగ్గుతుంది.

మిమ్మల్ని కోరేది ఇది. మోటారు వాహన నిబంధనల్లో పాతికేళ్ల నుంచి యాభై ఏళ్ల మధ్య బండ్లకు ఒక కొత్త వర్గం చేర్చుతూ ముసాయిదా నోటిఫికేషన్ ఇవ్వండి. మొదటి రూపం, ఏటా పరీక్ష, కిలోమీటర్ల హద్దు, ఈ మూడూ అందులో షరతులుగా పెట్టండి. వాటికి లోబడిన బండికి రెన్యువల్ రుసుము తిరిగి 5,000 రూపాయలకు తగ్గించండి. ముసాయిదా మీద అభిప్రాయాలకు మీరిచ్చే గడువులోగా నెల్లూరు, గూడూరు, కావలి, ఒంగోలు వైపు ఇలాంటి బండ్లున్న మేమంతా ఫొటోలతో, పొగ పరీక్ష కాగితాలతో సహా మా వివరాలు పంపుతాం. పరీక్షకు రమ్మని ఏ ఆర్టీఓ ఆఫీసు పిలిచినా మా బండ్లు మేమే నడుపుకుంటూ వస్తాం.

భవదీయుడు,
పాత జపాన్ కార్ల అభిమాని,
మైపాడు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా