మనసు కుదుటపరిచే ఆటలు: విద్యార్థి రూపకల్పన, కౌన్సిలర్ తోడ్పాటు రెండూ అవసరమే

న్యూఢిల్లీ: జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడ్డారు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఓ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు వెలువరించింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్ ఉండాలని అందులో ఆదేశించింది. అయితే కౌన్సిలర్ గది తలుపు తట్టడానికే జంకే పిల్లలను అక్కడిదాకా తీసుకువచ్చేదెలా అన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి సమాధానంగా డిజిటల్ ఆటలను పరీక్షించిన అనుభవం ఇప్పటికే ఉంది.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘స్పార్క్స్’ అనే ఆటను రూపొందించారు. ఒక ఊహాలోకంలో ప్రతికూల ఆలోచనలను తరిమికొడుతూ సాగే ఏడు అంచెల ఆట ఇది. కుంగుబాటు లక్షణాలున్న 12–19 ఏళ్ల వారు 187 మందిపై దీన్ని పరీక్షించారు. సాధారణంగా అందే చికిత్సకు ఇది తీసిపోదని 2012లో ఫలితాలు వెల్లడయ్యాయి. ఆ పరీక్షలో ఆట కేటాయించిన వారిలో సుమారు 60 శాతం మంది ఏడు అంచెలూ పూర్తిచేశారు. 2014లో దేశమంతటా ఉచితంగా అందుబాటులోకి తెచ్చాక మాత్రం చివరిదాకా ఆడినవారు కొద్దిమందే. ఆట మారలేదు, ఆడేవారిని పట్టించుకునే మనిషి తోడు తగ్గింది.

భారత్‌లో ఈ పాఠానికి దగ్గరగా నడిచిన ప్రయత్నం ‘పాడ్ అడ్వెంచర్స్’. గోవా కేంద్రంగా 1996 నుంచి పనిచేస్తున్న ‘సంగత్’ సంస్థ న్యూఢిల్లీ, గోవా విద్యార్థుల అభిప్రాయాలు తీసుకుంటూ ఈ ఆటకు రూపమిచ్చింది. సమస్యను గుర్తించడం, మార్గాలను వెతకడం, ఒకదాన్ని ఎంచుకుని ఆచరించడం ఇందులోని మూడు మెట్లు. పిల్లలు ముందుగా కథల్లోని పాత్రల చిక్కుముడులు విప్పుతారు. ఆ తర్వాత అదే పద్ధతిని తమ సొంత సమస్యకు అన్వయించుకుంటారు. చాలామందికి సొంత ఫోన్ ఉండదు, బడిలోకి ఫోన్ తేనివ్వరు. అందుకే బడిలోనే ఫోన్ ఇచ్చి, శిక్షణ పొందిన సాధారణ కార్యకర్తను సలహాదారుగా పక్కన ఉంచే పద్ధతిని ఎంచుకున్నారు.

విద్యార్థుల భాగస్వామ్యం విలువ ఇక్కడే తెలుస్తుంది. పరీక్షల భయం, ఇంట్లో పోలికలు, స్నేహితుల మధ్య పొరపొచ్చాలు పిల్లల్లో ఏ మాటల్లో బయటపడతాయో పెద్దలు ఊహించలేరు. తన కష్టం తన భాషలోనే తెరపై కనిపించినప్పుడు ‘ఇది నా ఒక్కడికే కాదు’ అన్న ధైర్యం పుడుతుంది. అయితే ఆట పూర్తయ్యాక పిల్లలను పిలిచి మెచ్చుకోలు రాబట్టడం భాగస్వామ్యం అనిపించుకోదు. వద్దన్న పాత్రను తీసేసే, కథ ముగింపును మార్చే అధికారం వారికి ఉండాలి.

తల్లిదండ్రుల ఆందోళనను కొట్టిపారేయలేం. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025లో చట్టం చేసింది. విద్యాపరమైన ఆటలను ప్రోత్సహించాలని అదే చట్టం చెబుతోంది. తెరకు అతుక్కుపోయేలా చేసే ఆటకూ, పని ముగియగానే తెర నుంచి మనిషి వైపు మళ్లించే ఆటకూ తేడా ఉంది. పిల్లలు ఆటలో చెప్పుకున్న బాధ ఎవరి చేతికి చేరుతుందన్న గోప్యతా ప్రశ్నకూ ముందే జవాబు సిద్ధంగా ఉండాలి.

అసలు ప్రమాదం మరొకటి. కౌన్సిలర్ జీతం కంటే యాప్ చవక. ఆట ఉందన్న సాకుతో నియామకాన్ని వాయిదా వేస్తే సుప్రీంకోర్టు ఆదేశం కాగితానికే పరిమితమవుతుంది. ఆట తలుపు తెరవగలదు. లోపల కూర్చుని వినేందుకు ఒక మనిషి ఉండి తీరాలి.

(మానసిక ఒత్తిడిలో ఉన్నవారు కేంద్ర ప్రభుత్వ ‘టెలి మానస్’ ఉచిత సహాయ కేంద్రాన్ని 14416 నంబరులో సంప్రదించవచ్చు.)