గొడుగెందుకు నాయనా!

ఎమ్మిగనూరు నుంచి ఒక్కణ్నే ఆదోని బస్సెక్కాను. ముసురు. కోట కొండ మొదట్లో టీ కాస్తున్న పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. 'గొడుగేంది నాయనా? రాక రాక వచ్చింది వాన, తడుసు!' సిగ్గేసి మూసేశాను.

ఆదోని కోట ఐదు కొండల మీద ఉంది. బారాఖిల్లా, తాలిబండ అన్నిటికన్నా ఎత్తు. మైదానం నుంచి 800 అడుగులు. సగం ఎక్కితే చెరువు. ఎన్నడూ ఎండదని పాత గెజిటీర్ మాట. విజయనగర రాజులు, బీజాపూరు సుల్తానులు, మొగలులు, 1786లో టిప్పు... అందరి కన్నూ ఈ కోట మీదే. గోడలెంత గట్టివైనా లోపల నీళ్లుంటేనే కదా కోట నిలిచేది!

గుండ్ల మధ్య నీటిమీద చినుకులు చూస్తూ కూర్చున్నాను. వాన తెరిపిచ్చినప్పుడు కింద పత్తి చేలు కనిపించాయి. పంట చేతికొస్తే ఆ పల్లెల్లో కొన్ని కుటుంబాలైనా గుంటూరు మిరప కోతలకు వలసపోకుండా ఇంటిపట్టున ఉంటాయి. ఆ ఆలోచన వచ్చాక చలి వెయ్యలేదు.

మీరూ వెళ్లండి. రాళ్లు జారతాయి, జాగ్రత్త.

తడిసి ముద్దయి దిగాను. పెద్దాయన టీ అందిస్తూ, బాగుందా అని అడగలేదు. 'చెరువులోకి నీళ్లెంత వచ్చినాయి?' అన్నాడు.