కప్పు మీద ఎవరి పేరు?

సంక్రాంతి దగ్గర పడినా, ఊళ్లో గంగ జాతర వచ్చినా చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీల కరపత్రాలు చేతికొస్తాయి. వాటిని ఒకసారి శ్రద్ధగా చదవండి. ఆట నియమాలు నాలుగు లైన్లు. మిగిలిన కాగితమంతా దాతలే. మొదటి బహుమతి ఫలానావారు, రెండో బహుమతి ఫలానావారు, కప్పులు ఒకరు, బనియన్లు ఒకరు, మధ్యాహ్న భోజనాలు ఒకరు, మైకు సెట్టు ఇంకొకరు. ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీలో వాళ్ల ముఖాలు, ఇచ్చిన మొత్తాన్ని బట్టి చిన్నవీ పెద్దవీ. ఫైనల్ రోజున శాలువాలు, దండలు, జ్ఞాపికలు. గెలిచిన జట్టు ఎండలో నిలబడి ఈ సన్మానాలన్నీ అయ్యేదాకా ఎదురు చూడాలి.

ఆ కరపత్రంలో స్త్రీ పేరు వెతికితే చాలాసార్లు ఒక్కచోటే దొరుకుతుంది. 'మా తల్లిగారు కీర్తిశేషులు ఫలానా అమ్మ జ్ఞాపకార్థం' అని. బతికి ఉన్నన్నాళ్లూ ఏ క్లబ్బు పుస్తకంలోనూ ఎక్కని పేరు ఆమె పోయాక కొడుకు ఇచ్చిన డబ్బుతో కప్పు మీదకు ఎక్కుతుంది. బతికున్న భార్య అయితే 'శ్రీమతి అండ్ శ్రీ' అన్న మాటలో ముందు సగంగా మిగిలిపోతుంది.

ఆటల క్లబ్బుల గురించి స్త్రీల హక్కుల పత్రికలో సంపాదకీయమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన ప్రాంతంలో ఆడపిల్లల జట్లు ఇప్పుడిప్పుడే తయారవుతున్నాయి. వాటికీ డబ్బు కావాలి, ఆ డబ్బు దాతల దగ్గర్నుంచే రావాలి. ఇచ్చినవాళ్లకు బదులుగా ఏమివ్వాలి అన్న ప్రశ్న రేపో మాపో మన ముందుకే వస్తుంది. ఇప్పటిదాకా మగవాళ్ల క్లబ్బులు చెప్పుకున్న జవాబునే మనమూ నెత్తికెత్తుకుంటామా అన్నది తేల్చుకోవాలి.

దాతను గౌరవించడం తప్పు కాదు. ఆ మర్యాద మన క్లబ్బులు ఎక్కడో నేర్చుకున్నది కాదు, గుడి నుంచి తెచ్చుకున్నది. మెట్టు కట్టించినవాళ్ల పేరు మెట్టు మీద, ఫ్యాను ఇచ్చినవాళ్ల పేరు ఫ్యాను రెక్క మీద రాయడం మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. మన మండలంలోని బోయకొండ గంగమ్మ దగ్గరికి వెళ్లినా, తిరుమలకు వెళ్లినా దాతల పేర్లు చదవకుండా నడవలేం. తిరుమలలో ఈ లెక్క ఇంకా స్పష్టం. 2019 నుంచి శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు ఇచ్చినవారికి బ్రేక్ దర్శనం టిక్కెట్టు దొరుకుతోంది. ఇచ్చినవాడికి పేరే కాదు, దారి కూడా దొరుకుతుందని మన జిల్లా వాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. క్లబ్బులు పట్టుకున్నది ఈ రెండో సంగతినే.

క్లబ్బుకు డబ్బు అవసరమన్నది కూడా నిజమే. కబడ్డీ మ్యాట్లు, మోకాలి పట్టీలు, బూట్లు, రిఫరీల ఖర్చు, జిల్లా పోటీలకు బస్సు చార్జీలు. ప్రభుత్వం 1998లో పెట్టిన జాతీయ క్రీడాభివృద్ధి నిధి, 2013 కంపెనీల చట్టం కింద గ్రామీణ క్రీడలకు వీలు కల్పించిన సామాజిక బాధ్యత నిధులు ఉండనే ఉన్నాయి. అవి పల్లె జట్టు గుమ్మందాకా వచ్చిన దాఖలాలు అరుదు. కాబట్టి ఊళ్లో నలుగురు చేయి వేయాల్సిందే.

అసలు పేచీ ఆ గౌరవం ఎక్కడిదాకా పోతుందన్న దగ్గర మొదలవుతుంది. మొదట పేరు. తర్వాత వేదిక మీద కుర్చీ. తర్వాత ఆటగాళ్ల వీపుల మీద దుకాణం పేరు. తర్వాత క్లబ్బు నియమావళిలో 'పోషక సభ్యుడు', 'శాశ్వత సభ్యుడు' అన్న హోదా, దానితోపాటు ఓటు. ఆ తర్వాత జట్టులో ఎవరుండాలన్న మాట. ఇంత దూరం పోతుందా అనుకునేవాళ్లు తెలుగువాళ్ల చరిత్రలోనే ఒక పేజీ తిప్పి చూడవచ్చు.

విజయనగరం మహారాజ్‌కుమార్, క్రికెట్ లోకం 'విజ్జీ' అని పిలిచిన విజయానంద గజపతిరాజు, ఆ రోజుల్లో క్రికెట్‌కు పెద్ద దాత. 1930-31లో ఇంగ్లండ్ ఆటగాళ్లు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను తన సొంత జట్టులో ఆడించడానికి రప్పించిన మనిషి. 1932 ఇంగ్లండ్ పర్యటనకు ఆయన్ను ఉప వైస్ కెప్టెన్‌గా ప్రకటించారు. క్రికెట్‌లో అలాంటి పదవి ఒకటుంటుందని అంతకుముందు ఎవరూ ఎరగరు! ఆసారి ఆయన తప్పుకున్నారు. 1936లో మాత్రం ఏకంగా భారత జట్టుకు కెప్టెన్‌గానే వెళ్లారు. దేశపు మొదటి టెస్టు కెప్టెన్, మచిలీపట్నం మూలాలున్న కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు ఆయన కింద ఆడాల్సి వచ్చింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. విజ్జీ మూడు టెస్టుల్లో, ఆరు ఇన్నింగ్సుల్లో చేసిన పరుగులు మొత్తం 33. ఆ ఏడాదే ఆయనకు బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1950లలో క్రికెట్ బోర్డుకు అధ్యక్షుడయ్యారు. ఆయన పేరు మీద విశ్వవిద్యాలయాల క్రికెట్ పోటీ వెలిసింది. ఆయనకు ఆట మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ప్రేమా, డబ్బూ ఉంటే ఆట రాకపోయినా జట్టు మనదేనన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? క్లబ్బులు, బోర్డులు దాత ముందు వంచిన తలల్లోంచే వచ్చింది.

రాజులు పోయారు, పద్ధతి పోలేదు. ఇప్పుడు రాజు స్థానంలో కాంట్రాక్టరు, రియల్ ఎస్టేట్ వ్యాపారి, రేపటి ఎన్నికల అభ్యర్థి ఉంటారు. ఈ హోదాల క్లబ్బుల్లో ఆడవాళ్లకు స్థానం దొరకడం ఎంత కష్టమో చెప్పడానికి లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు చాలు. 1787లో పుట్టిన ఆ క్లబ్బు 211 ఏళ్లు ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోలేదు. 1998 ఫిబ్రవరి ఓటింగులో కూడా కావలసిన మూడింట రెండు వంతుల మెజారిటీ రాలేదు. సెప్టెంబరులో మళ్లీ ఓటింగు పెడితేనే తలుపు తెరుచుకుంది.

ఇక్కడ మనం తప్పకుండా మాట్లాడుకోవాల్సింది డబ్బు రంగు గురించి. ఆటగత్తె వీపు మీద ఎవరి పేరు రాయాలో ఆమెను ఎవరూ అడగరు. 2008లో మద్యం వ్యాపారి విజయ్ మాల్యా కొన్న క్రికెట్ జట్టుకు తన కంపెనీ విస్కీ పేరు కలిసొచ్చేలా రాయల్ ఛాలెంజర్స్ అని పేరు పెట్టారు. 2023లో ఆడవాళ్ల లీగు మొదలైనప్పుడు అదే పేరుతో ఆడవాళ్ల జట్టు కూడా వచ్చింది. 2024లో కప్పు గెలిచిన ఆ జట్టులో మన ఆంధ్ర అమ్మాయి సబ్బినేని మేఘన ఉంది. ఆమె ఆటను చూసి గర్వపడదాం. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై సారా దుకాణాలు మూయించి, 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్య నిషేధాన్ని సాధించుకున్న ఆడవాళ్ల రాష్ట్రం ఇది. 1997లో ఆ నిషేధాన్ని సడలించినప్పుడు మన గుండెలు ఎట్లా మండాయో గుర్తున్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ ఇళ్ల పిల్లల బనియన్ మీద సారాయి సొమ్ము పేరు చూసి ఏమీ అనిపించకుండా ఉండగలమా? పల్లె పోటీల్లో బ్రాందీ షాపు యజమాని ఇచ్చే మొదటి బహుమతి గురించీ ఇదే ప్రశ్న.

ఆడవాళ్లు ఇవ్వడం లేదా అంటే, ఇస్తూనే ఉన్నారు. పాలు పోసిన డబ్బులోంచి, టమోటా కోతల కూలిలోంచి, పట్టుపురుగుల పంటలోంచి కొడుకు బూట్లకో, తమ్ముడి టోర్నమెంటుకో, ఊరి జట్టు చందాకో పోయే మొత్తం తక్కువేమీ కాదు. రసీదు మాత్రం ఇంటాయన పేరు మీద చినుగుతుంది. 'ఇచ్చింది నేను, రాసింది మా ఆయన పేరు' అన్న మాట మన సంఘాల సమావేశాల్లో నవ్వుతూ చెప్పే మాట. ఇక డబ్బు కాని దానం సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు రోజుల పోటీలకు వచ్చిన జట్లన్నింటికీ వండి వడ్డించడం, మట్టి బనియన్లు ఉతకడం, వచ్చినవాళ్లకు పడక చూపించడం. 'భోజన దాత' అని కరపత్రంలో పేరు పడేది బియ్యం బస్తాలు కొన్నవారిది. పొయ్యి దగ్గర నిలబడినవాళ్లది కాదు.

ఇది పల్లెల్లోనే జరిగేదీ కాదు. మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం 1973లో ఏర్పడింది. 2006లో బోర్డులో కలిసేదాకా అది పైసా పైసా కూడబెట్టుకుని బండి లాగింది. 2005 ప్రపంచకప్పులో ఫైనల్ దాకా వెళ్లినప్పుడు మ్యాచికి వెయ్యి రూపాయలు వచ్చిందని మిథాలీరాజ్ చెప్పింది. ఆ కష్టకాలంలో నటి మందిరా బేడీ ఒక వజ్రాల నగల ప్రకటనకు వచ్చిన పారితోషికాన్ని ఆ సంఘానికి ఇచ్చేస్తే, దానితో జట్టుకు విదేశీ పర్యటన విమాన టిక్కెట్లు కొన్నారు. ఈ సంగతి చాలామందికి తెలిసింది 2025 నవంబరులో మన అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచాక, అప్పటి సంఘం కార్యదర్శి నూతన్ గవాస్కర్ చెబితేనే. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఏ స్టాండుకూ, ఏ గేటుకూ ఎక్కని దానం అది. అదే సొమ్ము మగ పారిశ్రామికవేత్త ఇచ్చి ఉంటే పెవిలియన్‌కు పేరు పెట్టేవాళ్లని అనుకోవడం అన్యాయమా?

దాత సొమ్ము వల్ల ఆడపిల్లలకు మేలు జరిగిన సందర్భాలను దాచిపెట్టనక్కర్లేదు. గోపీచంద్ హైదరాబాదులో బ్యాడ్మింటన్ అకాడమీ కట్టుకోవడానికి ఇల్లు తాకట్టు పెట్టుకున్నాడు. నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన 5 కోట్లతో కట్టడం పూర్తయింది, ట్రస్టు పేరులో దాత ఇంటిపేరు చేరింది. దాత పెట్టిన షరతల్లా ఒలింపిక్ పతకం తేవాలని. సైనా, సింధు తెచ్చారు. పక్కనున్న అనంతపురంలో రఫేల్ నాదల్ పేరుతో 2010లో తెరిచిన టెన్నిస్ బడిలో పల్లె పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఆడుతూ చదువుకున్నారు. ఈ రెండు చోట్లా దాత పేరు గోడ మీద ఉంది. ఆ పేరు అక్కడికి ఎక్కినందుకు ఆడేవాళ్ల దారి మూసుకుపోలేదు. పేరు గోడ మీద ఆగితే మనకు పేచీ లేదు.

పేచీ అంతా అది గోడ దాటి హాస్టలు గదుల దాకా వచ్చినప్పుడు. ఈ సంపాదకీయం రాయడానికి అసలు కారణం అదే. దాతగారు వస్తున్నారంటే ఆడపిల్లలను వరుసగా నిలబెట్టి హారతి ఇప్పించడం, బొట్టు పెట్టించడం, పక్కన నిలబెట్టి ఫోటోలు తీయించడం, శిబిరంలోకి ఎప్పుడంటే అప్పుడు రావడానికి వీలివ్వడం. ఇదంతా 'కృతజ్ఞత' అనే మాట కింద దాగిపోతోంది. కాదనగలిగే స్థితి ఆ పిల్లలకు లేదు. బూట్లు ఆయన కొన్నవి, బస్సు ఆయన పెట్టింది. 2023లో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్న మల్లయోధురాళ్లు ఒక సంగతి బయటపెట్టారు. తన కెరీరు ఎవరి చేతుల్లో ఉందో వారి మీద ఫిర్యాదు చేయడానికి ఒలింపిక్ పతకం ఉన్న మనిషి కూడా ఎంత మూల్యం చెల్లించాలో అప్పుడు దేశమంతా చూసింది. చౌడేపల్లె మండలంలో తొమ్మిదో తరగతి చదివే కబడ్డీ పిల్లకు ఏ పతకం అండగా ఉంటుంది?

చట్టం కొంత ఉంది, వాడుకోవడమే తక్కువ. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం క్రీడా సంస్థలను, స్టేడియాలను, పోటీలు జరిగే చోట్లను, వసతి ఉన్నా లేకపోయినా, పనిచోట్లుగానే లెక్కించింది. ఏ వయసు స్త్రీ అయినా, ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. బయటి నుంచి అక్కడికి వచ్చే వ్యక్తుల నుంచి కూడా రక్షణ కల్పించాల్సిన బాధ్యత నిర్వాహకులదేనంది. దాత బయటి వ్యక్తే. పదిమంది కంటే తక్కువ పనిచేసేచోట జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ఎలాగూ ఉంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సంఘాల కార్యవర్గాల్లో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలంది. మంచిదే, కానీ అది ఢిల్లీ కార్యవర్గాల సంగతి. మన ఊరి క్లబ్బు నియమావళిని మనమే తెరిచి చూడాలి.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులు ఈ మాట తమకు కాదనుకోవద్దు. విదేశాల నుంచి దాతలు వచ్చినప్పుడు మన కేంద్రాల్లో పిల్లలతో చేయించే పాటలు, దండలు, ఉత్తరాలు ఈ కోవలోవే. పిల్లకు ఉత్తరం రాయాలని ఉందా లేదా అని ఎంతమందిమి అడిగాం?

ఆడపిల్లల జట్టుకు చందా తీసుకునే ప్రతి క్లబ్బునూ మనం అడగాల్సినవి పెద్ద విప్లవాలేమీ కావు. ఎవరి చేతి నుంచి వచ్చిందో వారి పేరు మీద రసీదు. అక్షర క్రమంలో పేర్లు, పక్కన అంకెలు లేకుండా. అమెరికాలో గ్రీన్ బే ప్యాకర్స్ అనే ఫుట్‌బాల్ జట్టుకు 1923 నుంచీ అభిమానులే వాటాదారులు. 2021లో 300 డాలర్లకు ఒక వాటా అమ్మారు. లాభం రాదు, వాటా తిరిగి అమ్ముకోవడానికి లేదు, చేతికొచ్చేది ఒక కాగితం. వేలమంది సంతోషంగా కొన్నారు. దాత అనే మనిషికి కుర్చీ, కెప్టెన్సీ లేకపోతే డబ్బు ఇవ్వడన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. వండినవాళ్ల పేర్లు, ఉతికినవాళ్ల పేర్లు కూడా ఆ పట్టికలోనే ఉండాలి. దాత హోదాకు ఎంపికల్లో ఓటు ఉండకూడదు. సారాయి సొమ్ము ముట్టుకోకూడదు. శిబిరంలోకి దాత రావాలంటే పగటిపూట, కోచ్ కాకుండా మరో స్త్రీ తోడుండగా మాత్రమే రావాలి. శాలువా కప్పాలంటే పెద్దలు కప్పుతారు, పిల్లలు ఆడుకుంటారు.

స్టేడియం గోడల మీద ఎవరి పేర్లుండాలన్న ప్రశ్నకు విశాఖపట్నం ఈ మధ్య ఒక జవాబు చెప్పింది. స్మృతి మంధానా అడిగితే, 2025 అక్టోబరు 12న ప్రపంచకప్పు మ్యాచికి ముందు అక్కడి స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీరాజ్ పేరు, ఒక గేటుకు మన రాష్ట్రానికే చెందిన వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. ఇద్దరూ ఆడినవాళ్లు, ఇద్దరూ బతికున్నవాళ్లు.

ఈసారి చౌడేపల్లె, పుంగనూరు, కుప్పం కార్యకర్తలు తమ ఊరి పోటీల కరపత్రం అచ్చుకు వెళ్లకముందే నిర్వాహకులను కలవండి. పాత కరపత్రం ఒకటి, దిద్దిన కొత్తది ఒకటి మాకు పంపితే రెండింటినీ పక్కపక్కనే వచ్చే సంచికలో వేస్తాం.