గోడను పూతకు ముందే చూడండి

'ఇల్లు కట్టి చూడు' అన్నారు పెద్దలు. కట్టేటప్పుడు చూడవద్దని మాత్రం అనలేదు! ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు గోడలకు పోసే గృహస్థు, ఆ గోడలను తీరిగ్గా చూసేది గృహప్రవేశం నాడు. అప్పటికి పూత, రంగు పడి, మంచి గోడా చెడ్డ గోడా ఒక్కలాగే మెరుస్తూ వుంటాయి.

రొద్దంవారికి లేపాక్షి దూరం కాదు. 16వ శతాబ్దంలో కట్టిన అక్కడి వీరభద్రాలయంలో రాయికీ రాయికీ మధ్యనున్న అతుకు ఎవరి కంటికైనా కనిపిస్తుంది. మన ఇంటి గోడ అతుకులు కనిపించేది కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే చూడాలి.

మొదట పునాది. మనది రాయికి కరువులేని సీమ. బయటి వరుస, లోపలి వరుస అందంగా పేర్చి, నడుమ చిప్పలు, మట్టి కుమ్మితే అది గోడ కాదు, సంచి. ఐదారడుగులకొక చోటనైనా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా చేరే పొడవు రాయి పడాలి. సందుల్లో చిన్నరాళ్ళు మాలుతో సహా బిగియాలి.

తరువాత ఇటుక. పైవరుస అతుకు కింది వరుస అతుకు మీదనే పడితే, రేపు బీట తీసే దారి అదే. అతుకు చిటికెనవేలి మందం వుంటే చాలు. ఇటుకలోని గుంట పైకి వుండాలి. గుండు వేయించి చూడండి: పదడుగుల ఎత్తుకు పావంగుళం కన్న ఎక్కువ వాలితే మేస్త్రీని అడగవలసిందే. ఒక్కరోజులో మూడు నాలుగడుగులకు మించి గోడ లేపనివ్వకండి.

అన్నిటికన్న ముఖ్యం నీళ్ళు. పెన్న ఒడ్డున వున్నా, ఏడాదిలో చాలా కాలం ఏట్లో కనిపించేది ఇసుకే. అందుకే నీళ్ళ దగ్గర పొదుపు చేయబుద్ధవుతుంది. పొడి ఇటుక మాలులోని తడిని పీల్చేస్తుంది. సిమెంటు గట్టిపడేందుకు నీరు మిగలదు. మట్టి ఇటుకలను బుడగలు ఆగేదాకా తొట్టిలో నానబెట్టాలి. (సిమెంటు దిమ్మెలను మాత్రం నానబెట్టకూడదు.) కట్టిన గోడ కనీసం ఏడు రోజులు ఆరకుండా వుండాలి. తడిపిన గోనెపట్టాలు కప్పితే తక్కువ నీళ్ళతోనే పని జరుగుతుంది.

ఈ తనిఖీకి ఇల్లాలిని మించినవారు లేరు. పిండి తడి తెలిసిన చేతికి మాలు తడి తెలియదా? వారం తడిపిన తరువాత అతుకును మేకుతో గీకి చూడమనండి. సన్నని గీత పడితే సరే. ఇసుకలా రాలితే ఇసుక ఎక్కువైందో, నీళ్ళు తక్కువయ్యాయో, గట్టిపడిన మాలు మళ్ళీ కలిపి వాడారో విచారించాలి.

అయితే తప్పంతా బేల్దారి మీద నెట్టడం న్యాయం కాదు. కూలి తెగ్గోసి, నీళ్ళు అమర్చక, ముహూర్తం దగ్గర పడిందని తరిమితే ఎంత పనివాడైనా ఏం చేస్తాడు? మంచి మేస్త్రీకి చూసే యజమాని అంటే భయం వుండదు. తన పనితనం గుర్తించేవాడు దొరికాడని సంతోషమే. కనుక పూతకు ముందు ఒక్క పూట కేటాయించి, మేస్త్రీని వెంటబెట్టుకొని గోడ గోడా తిరగండి. సరిచేయవలసినది అప్పుడైతే నాలుగు ఇటుకలతో పోతుంది. పూత పడ్డాక గోడనే తవ్వుకోవాలి.